ఫుట్‌నోట్ పద్నాలుగు

కిసుములో కరెంటు పోయిన రాత్రి
మైనం చుక్క కాగితం మీద పడకుండా
కొవ్వొత్తిని ఎడంగా జరిపి
ముప్పై ఎనిమిది పేజీల ఉమ్మడి ప్రాజెక్టు దిద్దుతున్నాను.
"సరస్సు ఒడ్డున ఏడుపు పాటలు: సేకరణ, పరిశీలన."
అట్ట మీద నాలుగు పేర్లు.
క్వింటర్ అదోయో, ఫెలిక్స్ ఒగ్వేనో, మెర్సిలీన్ అపోండి,
చివర, బెంచీ అంచున సర్దుకు కూచున్నట్టు,
వేరే ఇంకులో, బరాసా.

ఎవరి వాక్యం ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది నాకు,
ఇరవై రెండేళ్లుగా ఇదే పని.
క్వింటర్ వాక్యం ఇస్త్రీ మడత నలగని యూనిఫాం.
ఒగ్వేనో మటాటు కండక్టరు,
ఇంకో ఇద్దరికి చోటుందంటూ
కిక్కిరిసిన బండిలోకి విశేషణాలు ఎక్కిస్తూనే ఉంటాడు.
అపోండి ప్రతి పేరా చివరా "కావచ్చు" అని
తలుపు ఓరగా వేసి వెళ్తుంది.
బరాసా వాక్యం కోసం వెతికాను.
కనపడలేదు.

మంగళవారమే ముగ్గురూ నా గదికొచ్చారు.
"మేడం, మార్కు నలుగురికీ ఒకటేనా?
అతను ఒక్క ముక్క రాయలేదు.
బుంగోమా వైపు వాడు, మా భాష రాదు.
మేం కాళ్లరిగేలా తిరిగి ముసలమ్మలతో మాట్లాడుతుంటే
పడవ నీడలో ఉలక్కుండా పలక్కుండా కూచున్నాడు."
తల ఊపాను.
పదిమంది మోసే దూలం కింద
చేయి ఆనించి నడిచేవాడొకడు
ఏ ఏడాది బ్యాచ్‌లో లేడు గనక?

ముప్పై ఒకటో పేజీ అడుగున, చీమల బారంత అక్షరాల్లో
ఫుట్‌నోట్ పద్నాలుగు:
"పాడుతున్నావిడ ఇక్కడ ఆగిపోయింది.
టేపు ఇంకో తొమ్మిది నిమిషాలు నడిచింది.
మేము ఆపలేదు."

ఇది రాసిందెవరని పొద్దున క్లాసులో అడిగాను.
ఒగ్వేనో అయ్యుంటాడంది క్వింటర్.
అపోండి అన్నాడు ఒగ్వేనో.
అపోండి గోరు కొరుక్కుంటూ, "నేనే కావచ్చు" అంది.
క్లాసంతా నవ్వింది.
బరాసా ఆ రోజు రాలేదు.

కట్టలో కిందెక్కడో దొరికింది అతని సొంత ప్రాజెక్టు.
ఆరు పేజీలు.
సిద్ధాంతం లేదు, గ్రంథసూచి లేదు.

"మొదటి నిమిషం: చెప్పుల చప్పుడు.
వాళ్లు ముగ్గురూ టీకి వెళ్తున్నారు. 'ఆపేసి రా' అన్నారు.
రెండు: గాలి.
మూడు: ఆవిడ లేచి వల మీద ఎండుతున్న ఒమెనా తిరగేస్తోంది.
చిన్న చేపలు, ఎండుటాకుల్లా చప్పుడు చేస్తాయి.
నాలుగు: ఇక్కణ్ణించి రెండు జతల చేతులు వినిపిస్తాయి.
ఆరు: దూరంగా పడవ ఇంజను. ఆవిడ చేతులాగాయి.
పడవ మన ఒడ్డుకు రాలేదు. చేతులు మళ్ళీ మొదలయ్యాయి.
ఎనిమిది: టేపు మొత్తంలో నాకు పూర్తిగా అర్థమైంది
ఈ భాగమే."

ఫుట్‌నోట్‌లో ఆ "మేము" ఇద్దరన్నమాట.

అయినా నేను టీచర్ని.
ఎర్ర కలంతో అంచున రాశాను:
ఆవిడ అనుమతి తీసుకున్నావా?
రాసి, పేజీ తిప్పితే
"తొమ్మిది: మెషీను చూపించి సైగ చేశాను.
తల ఆడించింది.
ఔననో వద్దనో
ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను."

కరెంటొచ్చింది.
ఫ్రిజ్ గొణగడం మొదలెట్టింది.
శుక్రవారానికల్లా మార్కులు ఆఫీసులో ఉండాలి.
పట్టీలో నాలుగు పేర్లు, రెండు గడులు, ఉమ్మడి, సొంతం.
పెన్సిలుతో ఏదో అంకె వేశాను,
చెరిపాను, మళ్ళీ అదే వేశాను.

తర్వాత
ముప్పై ఎనిమిది పేజీలూ మొదటినుంచీ తిరగేశాను.
ఆవిడ పేరు ఎక్కడా లేదు.
"సమాచారదాత: మూడు."
పేర్లు వద్దు, అంకెలివ్వండని
జనవరిలో బోర్డు మీద రాసింది
నేనే.