గెస్ట్ అకౌంట్

జుబైల్ క్యాంపుల మా రూముకు
ఎనిమిది మంచాలు, ఒక్కటే లాప్‌టాప్. నాది.

శుక్రవారమైతే అందరికి కావాలె.
నా దిక్కు తాళమేసి
గెస్ట్ తలుపు తెరిచిస్త.
నా అప్పుల లెక్క, పంపని ఉత్తరాలు
బంకుకు కట్టిన దుప్పటెనుక
నాలెక్కనే ముడుచుకొని పంటయ్.

మొన్న బుచ్చిలింగం వాపస్ ఇచ్చి
ఓటీ బస్సుకు ఉరికిండు.
కిటికీ మూయలే.
'క్రియాటినిన్ నాలుగు పాయింట్ రెండు అంటే ఏంది'
అదే ప్రశ్న, పదకొండు తీర్ల.

ఎనుక లైన్ల ఫయాజ్ చెయ్యి చాపిండు.
ఆగు, చార్జింగ్ లేదన్న.
ఒక్కొక్కటి తుడిచిన,
గిన్నె అడుగు తోమినట్టు.

ఆ రాత్రి వంట వంతు నాది.
"పప్పుల ఉప్పేదిరా!"
ఆరుగురు మొత్తుకున్నరు.
బుచ్చిలింగం
తల ఎత్తకుండ తిన్నడు.