పద్దెనిమిది సెకన్లు

పామిడి దాటినాక పాత బైపాసు మీద
తెల్లారకముందే సున్నంతో గీత గీస్తారు.
ఆడనుంచి పావు మైలు. అంతే రేసు.
గీతకు ఇవతల, రేకుల షెడ్డు కింద
నేను కూచుంటా,
చిన్న సుత్తి, టార్చిలైటు, రూల్సు కాయితం పట్టుకోని.

హుసేన్ పీరా అంటారు నన్ను. గుత్తిలో వెల్డింగు షాపు.
ట్రాలీలు, గేట్లు, బోరుబండి పైపులు
ముప్పై ఏండ్లుగా అతికిస్తా ఉండా.
అతుకు మంచిదో కాదో కన్నుకు తెలీదు.
సుత్తితో తడితే అదే చెప్తాది:
గట్టిదైతే గంట,
లోపల బోలైతే దగ్గు.

"కంపెనీ బండే పీరన్నా, ఏమీ మార్చలే"
అంటాడు తిమ్మప్ప కొడుకు పెన్నోబులేసు.
తెల్ల ఎస్టీము. వాళ్ళ నాయన
శెనిక్కాయల మండీకి తిప్పిన బండి.
వంగి చూస్తే
బ్యాటరీకి కట్టింది గుడ్డలారేసే తాడు.
పెట్రోలు పైపు ఫ్లైవీలు పక్కనే,
ఎనుము కాళ్ళ సందున పసిబిడ్డ మాదిరి.
ముందు చక్రం నట్టు మూడు చుట్లే పట్టింది.
సీటు ఎనక రోల్‌బారు ఎవరో కొత్తగా అతికించి
నల్లరంగు నిగనిగా పూసినారు.
తట్టినా.
దగ్గింది.

"కాదు" అన్నా.
"పద్దెనిమిది సెకన్లు పీరన్నా!
అంతలో ఏమయితాది?"

గుత్తి కోట కింద దిగుడులో
ఒకసారి మూటల ట్రాలీ కొక్కెం ఊడింది.
అతుకు నాదే.
ఆ పొద్దు కరెంటు పోతా వస్తా ఉండె,
ట్రాక్టరాయన తొందర చేస్తా ఉండె,
పైన రంగు పూసి ఇచ్చేస్తి.
ఊడిన కాడినుంచి మైలురాయి దాకా
తరవాత నడిచి, మనసులో దొర్లించి, లెక్కేసుకుంటే
పదకొండు సెకన్లు.
ప్రాణం ఎవరిదీ పోలే.
మూటల మీంచి దుంకిన లచ్చుమక్క
ఇప్పుటికీ కుంటుకుంటా
నా షాపు ముందరనుంచే సంతకు పోతాది.
ఒక్క మాట అనదు.
"పీరా, అన్నం తింటివా" అంటాది.

ఇదంతా పిల్లోనికి చెప్పలే.
కాయితం మీద అడ్డగీత కొట్టి ఇచ్చినా.
వాడు బానెట్టు ధబీమని ఏసి
నన్నూ, నా సుత్తినీ, నా ఇంటి పెద్దల్నీ తిట్టినాడు.
అవతల పచ్చలైటు పడింది,
రెండు బండ్లు ఎర్రదుమ్ము లేపుకుంటా పోయినాయి.
వాడు తలెత్తి చూడలే.

మిట్టమద్యానం
ఎస్టీము కింద రెండు కాళ్ళు కనిపిస్తాండాయి.
తాడు తెగ్గోసి పక్కన పారేసినాడు.
"పీరన్నా, పదమూడు నంబరు స్పానరు ఉండాదా?"
ఇచ్చినా.

గొట్టం మాత్రం ఈ పొద్దు కాదు,
కోసేసి కొత్తగా ఏయించుకోని మళ్ళ వారం రా,
రంగు పూయకుండా తీసకరా
అని చెప్పినా.