డబ్బా అడుగున

మొజంజాహీ మార్కెట్లో ఖైసర్ భాయ్
స్ట్రాబెర్రీ డబ్బాను తలకిందులు చేసి చూపించాడు:
"పైనున్నయన్నీ పెళ్లికొడుకులే సార్,
అడుగు జూసి తీస్కోండ్రి."

అడుగున రెండు మెత్తబడి ఉన్నాయి.
ముచ్చిక దగ్గర తెల్లగా ఉన్నవి వద్దన్నాను.
ఆకు టోపీ వాడనివి ఏరాను.
వాసన రాకపోతే ఆ ఎరుపంతా అబద్ధమే.

ఇంటికొచ్చి కడిగి, పాత లుంగీ గుడ్డతో
ఒక్కొక్కటే తుడిచాను,
తలంటిన పసివాడి నెత్తి తుడిచినట్టు.
తడి తగిలితే చాక్లెట్ అలుగుతుంది.
తెలుసు. పోయినసారి అలిగింది.
బిగుసుకుపోయిన ఆ ముద్దను హిమజ
ఏమీ అనకుండా పాలల్లో వేసుకుని తాగింది.

టీ గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి.
దానిమీద స్టీలు గిన్నె. అందులో నల్లటి బిళ్లలు
తమ అంచులు తామే మరిచిపోయాయి.
ముంచాను, తిప్పాను, పళ్లెంలో పెట్టాను.
ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి కాస్త జరిగి చోటిచ్చింది.

చివరి మెట్రో దిగొచ్చి
మెడలో ఇంకా ఐడీ కార్డుతోనే
ఒకటి కొరికింది.
పటుక్కుమంది చాక్లెట్.
"రెండోది మెత్తగా ఉంది" అంది,
మూడోది అందుకుంటూ.

అవును, అడుగున ఉన్న ఆ రెండూ తెచ్చాను.
భాయ్ వాటిని తూకంలో వెయ్యలేదు.