పోయిన వస్తువుల ప్రకటన

మధ్యాహ్నం పన్నెండూ నలభైకి
మా స్కూలు స్పీకర్లన్నీ ఒకసారి దగ్గుతాయి.
ఆ తర్వాత అకుత్సు గొంతు.

"రెండో అంతస్తు మెట్ల మీద ఒక గొడుగు దొరికింది.
పిడి మీద కప్ప బొమ్మ ఉంది.
రెండో సంవత్సరం, మూడో సెక్షన్,
తొగాషి గారు వచ్చి తీసుకెళ్లగలరు."

తొగాషి గారు!
క్లాసులో నన్నెవరూ గారు అనరు.
మా అమ్మ పేరు కూడా పెట్టదు, నేరుగా తిట్టుతోనే మొదలెడుతుంది.
ఆ ఒక్క గారు కోసం
అక్టోబరు నుంచి వస్తువులు పారేసుకుంటున్నాను.

గొడుగు. జామెట్రీ పెట్టె. లంచ్ బాక్సు మూత.
ఒక కాలి మేజోడు
(ఇది మహా కష్టం, ఎక్కడ విప్పినా ఎవరో ఒకరు చూస్తారు).
పారేసుకోవడానికీ ఓ పద్ధతుంది:
మరీ మూల పెడితే దొరకదు,
మరీ ఎదురుగా పెడితే
మంచివాళ్లు పరిగెత్తుకొచ్చి చేతికిచ్చేస్తారు.
మా సకాతాలో మంచివాళ్ల బెడద ఎక్కువ.
ఒకసారి ఓడరేవు దాకా వెంటపడి మరీ
ఓ ముసలావిడ నా టోపీ నాకిచ్చింది.
వంగి వంగి దండం పెట్టాను, లోపల ఏడుస్తూ.

"ఇక తలకాయొక్కటే మిగిలిందిరా పారేసుకోవడానికి," అంది అమ్మ.
అదెప్పుడో పోయింది.
చెప్పలేదు. మిసో సూప్ గటగటా తాగేశాను.

ప్రసారాల గది మూడో అంతస్తు చివర.
తలుపు తీస్తే కిరోసిన్ స్టవ్, నారింజ తొక్కల వాసన.
అకుత్సు రిజిస్టరు తిప్పి సంతకం పెట్టమంటాడు.
తలెత్తడు.
చెవులు మాత్రం స్టవ్ కంటే ముందే ఎర్రబడతాయి.
చలికేమో అనుకునేవాణ్ణి.
నిజంగానే. అంత మొద్దుని.

డిసెంబరులో మా ఊళ్లో మంచు
పైనుంచి కురవదు, సముద్రం వైపు నుంచి అడ్డంగా
చెంపదెబ్బలా వస్తుంది.
ఆ వారమే నానమ్మ అల్లిన చేతి తొడుగులు పారేసుకున్నాను,
ఆవపిండి రంగువి.
అకుత్సు ఎడమచేతిది ఒక్కటే ఇచ్చాడు.
"రెండోది?"
"ఇంకా దొరకలేదు. రేపు రండి."
రేపు వెళ్లాను. రేపు రండి.
బాకీ వసూలుకి తిరిగేవాడిలా తిరిగాను.
తొమ్మిదో రోజు, ప్రకటన అయిపోయాక,
స్టవ్‌లో నూనె పోయడానికి అతను వంగితే
జేబులోంచి ఆవపిండి రంగు వేళ్లు
ఐదూ తొంగిచూశాయి.

ఇద్దరం వాటినే చూశాం.

"దొరికింది," అన్నాడు. "మొదటిరోజే."
ఆపైన అదే ప్రకటన గొంతుతో,
రిజిస్టరులో ఉన్నది చదువుతున్నట్టు:
"ఇచ్చేస్తే మీరు మళ్లీ రారేమోనని."

"నేనేదీ పోగొట్టుకోలేదు అకుత్సూ.
అన్నీ కావాలనే పెట్టాను. కప్ప గొడుగు. మేజోడు కూడా."

"తెలుసు.
మడతపెట్టి మరీ మేజోడు ఎవరు పారేసుకుంటారు?"

అప్పుడు కనిపించింది
మైకు పక్కన ఎర్ర దీపం.

ఆరు వందల మంది
నూడుల్స్ సగంలో ఆపిన నిశ్శబ్దం.
కింద జిమ్‌లోంచి ఎవడో "మేజోడా!" అని కేక.
బేస్‌బాల్ జట్టు చప్పట్లు.
మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు కెమిస్ట్రీ ఓనోదెరా సార్.
మమ్మల్ని చూశారు, చేతి తొడుగు చూశారు,
స్విచ్ ఆపారు.
"కరెంటు బిల్లు," అన్నారు.
వెళ్తూ తలుపు దగ్గరగా వేశారు, చప్పుడు కాకుండా.

సాయంత్రం పాత బియ్యం గోదాముల వెనక దారి.
ఎడమ తొడుగు నాకు, కుడిది అతనికి.
మధ్యలో మిగిలిపోయిన రెండు ఉత్త చేతులకీ
అతని కోటు జేబు ఒక్కటే ఉంది.
అందులో ఎండిన నారింజ తొక్క గుచ్చుకుంటోంది.
ఎవరం తీసేయలేదు.

"తొగాషి గారూ."
"ఇంకా గారేనా?"

చాలాసేపు ఆలోచించాడు.
గోదాములన్నీ దాటిపోయాయి.
వంతెన దగ్గర మంచు అతని కళ్లజోడు మీద పేరుకుంది, తుడుచుకోలేదు,
తుడుచుకోవాలంటే జేబులోంచి చెయ్యి తియ్యాలి.

"రేపేం పారేసుకుంటావు?" అన్నాడు.

నా గారు అక్కడే ఎక్కడో జారిపోయింది.
దొరికినవాళ్లు ఉంచేసుకోవచ్చు.