నీలిమందు నాలుగు చుక్కలు

పదకొండు రోజులుగా
మా ఇంట్లో ఎవరో సన్నగా
"ష్..." అంటున్నారు.
ఉండేది నేనొక్కదాన్నే.
నోరు మెదపందే
ఊరుకోమంటున్నారు.

పెరంబూరులో మొదటి అంతస్తు, అద్దె వాటా.
అన్నది ఫ్లష్ ట్యాంకు.
నిండదు, నిండలేనని ఒప్పుకోదు.

ప్లంబరు ఏళుమలైకి ఫోన్ చేస్తే
"నాళైకి" అంటాడు.
దయ్యం లోపలికి రాకుండా
తలుపు మీద సున్నంతో రాసే రేపు ఉంటుందే,
ఆ రేపు.

పై అంతస్తు నుంచి ఇంటావిడ కోమళవల్లి
మెట్ల మీద నిలబడి తాళాలగుత్తి ఊపుతూ
"నువ్వొచ్చాకే నెలకి రెండు లారీల నీళ్ళు ఎక్కువ" అంది.
రెండు లారీల నీళ్ళతో
నేనేం చేస్తున్నానో కూడా చెప్తే బాగుండేది.

ఆదివారం ట్యాంకులో
నీలిమందు నాలుగు చుక్కలు వేశాను.
మీట నొక్కలేదు.
గుమ్మం దగ్గర కూర్చుని
పావుకిలో చిక్కుడుకాయలకి ఈనెలు తీశాను.
వెళ్ళి చూస్తే
కమోడ్ తెల్లటి పింగాణీ మీద సన్నటి చార,
తినలేదని ఒట్టేసిన పిల్లాడి
నేరేడుపండు నాలిక.

మూత రెండు చేతులా ఎత్తి
పాత తువ్వాలు మీద బోర్లించాను.
నాలుగేళ్ళుగా రోజూ నొక్కుతున్నాను,
లోపల ఏముందో ఎప్పుడూ చూళ్ళేదు.

తుప్పు నీళ్ళు. తేలే బంతి.
పాచి పట్టిన గొలుసు,
గొలుసు తెగినచోట
ఎవరో పెట్టిన పిన్నీసు.
మూలన ఇసుక నింపి బిరడా బిగించిన
అర లీటరు సీసా.

పిన్నీసు చూడగానే మనిషి తెలిసింది.
మగాడైతే తీగ చుట్టేవాడు.
ఇది, జాకెట్టు హుక్కు ఊడితే
గాజుల్లోంచి తీసి పెట్టుకునే చెయ్యి.

సీసా సంగతి తెలియడానికి కాసేపు పట్టింది.
నొక్కిన ప్రతిసారీ
అర లీటరు మిగులు.
బిందెలన్నీ తాడుకి గుచ్చి
వీధిలో లారీ కోసం రాత్రంతా కాపలా కాసిన వేసవి
ఈ ఊళ్ళో ఎవరిని కదిపినా ఒకటుంది.
ఆవిడకీ ఉండుంటుంది.
పేరు తెలీదు. లెక్క గట్టిది.

గొలుసు కింద నల్లటి రబ్బరు బిళ్ళని ఏమంటారో
నాకు తెలుగులో రాదు, తమిళంలో అసలే రాదు.
అరిగిపోయినదాన్నే కవర్లో వేసుకెళ్ళి
సామాన్ల కొట్లో బల్ల మీద పెట్టాను,
చచ్చిన బల్లిని చూపించినట్టు.
కొట్టాయన నవ్వలేదు.
నిచ్చెనెక్కి ఏదో దుమ్ము పెట్టెలో తడిమి
అచ్చం అలాంటిదే తీశాడు, గొలుసుతో సహా.
నలభై అయిదు రూపాయలు.
నా తమిళం విని "తెలుంగా?" అన్నాడు.
వాళ్ళ అమ్మమ్మది కాళహస్తి పక్కనట.
ఆవిడ తెలుగులో తిట్లే మిగిలాయని
ఒకటి చెప్పి చూపించాడు.
ఉచ్చారణ శుభ్రంగా ఉంది.

గోడ దగ్గర కుళాయి కట్టేసి
నైటీ మోకాళ్ళ పైకి దోపి
మోచేతిదాకా చెయ్యి ముంచాను.
మొదటిసారి బిళ్ళ తిరగబడింది.
రెండోసారి గొలుసు పొట్టిదై
బిళ్ళని కూర్చోనివ్వలేదు.
ఆ కాళహస్తి తిట్టు అప్పుడు పనికొచ్చింది.

పాత పిన్నీసు ముట్టుకుంటే విరిగింది.
నా గాజుకున్నది తీసి
గొలుసుకి ఒక లంకె పొడుగు కలిపాను.
ఇదీ తుప్పు పడుతుంది. పట్టనీ.
సీసాని మాత్రం కదపలేదు.

కుళాయి తిప్పాను.
బంతి మెల్లగా లేచింది,
ఇంకొంచెం లేచింది,
ఆగింది.

రాత్రి పన్నెండు దాటింది.
ఫ్యాను కూడా ఆపేసి విన్నాను.
మా ఇంట్లో ఎవరూ ఏమీ అనడం లేదు.
ఎక్కడో గూడ్సు బండి పెట్టెలు
ఒకదాన్నొకటి ఢీకొన్నాయి.
తర్వాత,
సరిగ్గా నా తల మీద,
స్లాబుకి అవతల, కోమళవల్లి గారి బాత్రూంలో
సన్నగా
"ష్..."

సీసాలో నీలిమందు ఇంకా మూడొంతులుంది.
పొద్దున్నే మెట్లెక్కి ఇచ్చొస్తాను.
చుక్కలు వేశాక కాసేపు ఆగాలి కదా,
గుప్పెడు చిక్కుడుకాయలు కూడా.