తడి మచ్చ

నూటా నలభై గుడ్లు ఒలిచిన వేళ్లు ఇవి.
గోళ్ల సందున ఇంకా పెంకుల సుద్ద.
మూడున్నరకి, మా ఎర్రగుంట్ల బడిలో
ఆడపిల్లల్ని వరండాలో నిలబెట్టి
సులోచన టీచరు ఆసనాలు నేర్పిస్తాంటుంది.
వంటషెడ్డు కాడ గిన్నెలు తోముతా
నేను ఓరకంట చూస్తాంటి.

"మాబున్నక్కా, నువ్వూ రా" అనె ఒకరోజు.
చేతులు కొంగుకు తుడుచుకోని పోతి.

చేతులు పైకెత్తమంటే ఎత్తితి.
అటక మీద డబ్బా లేదు,
దండెం మీద గుడ్డ లేదు.
ఉత్తగాలిలోకి చేతులెత్తడం
నలభై ఆరేళ్లలో అదే మొదలు.
ఏం అందుకోవాల్నో తెలీక
వేళ్లు కాసేపు వెతుకులాడె.

ఒంటికాలి మీద చెట్టు మాదిరి నిలబడమనె.
యాడ నిలబడతా! తూలి
ఎనిమిదో తరగతి ఇందుమతి భుజం పట్టుకుంటి.
పిల్లలంతా కిలకిల. నాకూ నవ్వొచ్చె.
పడిపోయేటప్పుడే తెలిసె,
ఇన్నాళ్లూ బరువంతా కుడికాలే మోస్తాండాదని.
ఎడమకాలిని నేనెప్పుడూ అడగనే లేదు.

మోకాళ్ల మీద కూచోని
నుదురు నేలకానించమన్నప్పుడు మాత్రం
ఎవరూ చూపించాల్సిన పని లేకపాయె.
తెల్లారుజామున చాప పరిచి
మా జేజి నేర్పిన వంగుడే అది.
అదే చల్లదనం, అదే చిన్న చీకటి.
పేరు వేరే చెప్పినారు, అంతే.

కడాకు పండుకోమనె.
జరం లేకుండా, కాన్పు కాకుండా
పట్టపగలు పండుకోవాలంటే నాకు భయం.
ఎవరో పిలుస్తారని చెవులు వాకిట్లోనే ఉండె.
సిమెంటు ఫ్యాక్టరీ కూత. బండల లారీ మూలుగు.
రేపటికి బియ్యం పదిహేను కిలోలు, కందిపప్పు, చింతపండు...
"లెక్కలు వస్తే రానీ అక్కా,
లెక్కపెడతాండేది ఎవరో చూడు" అనె టీచరు.

చూస్తి.
ఊపిరి వచ్చె, పోయె.
నేను పీల్చమనలే, వదలమనలే.
మంట తీసేసినాక కూడా ఎసరు కాసేపు
తనంతట తానే కదులుతాంటుందే, అట్ల.
ఆమైన వంటక్క లేదు, మస్తాను పెండ్లాం లేదు,
మాబున్ని అన్న పేరు కూడా
చెప్పుల పక్కన యాడో విడిచినట్టుండె.
ఉండేది మాత్రం ఉండె.
ఎంతసేపో తెలీదు. ఒక ఆవులింతంత సేపేమో.

గంట కొడితే ఉలిక్కిపడి లేస్తి.
నల్లబండ మీద నా చెమట
అచ్చం నా ఆకారమే పడిండె,
రెక్కలు, నడుము, మడమలతో సహా.
పిల్లలు సంచులు తగిలించుకోని పరిగెత్తినారు.
గిన్నెల కాడికి పోకుండా నేను నిలబడి చూస్తి.
అంచుల నుంచి లోపలికి
మెల్లగా ఆరిపోతాండె.
ఎడమ మడమ కాడ కాసేపు నిలిచి,
అది కూడా.