మూడో అక్షరం

యార్క్‌షైర్ కొండల్లో కార్ల్‌గిల్ అనే ఊరు.
ఎడ్విన్ రైస్ట్రిక్ షెడ్డులో
పలకరాయి మీద పేరు చెక్కడం అయిపోయింది:
హెస్టర్ ఆల్డర్‌సన్, టపా మనిషి.
పేరు కింద ఒక మాటకి చోటుంది.
ఒక్క మాటకే.

పందొమ్మిది వందల నలభై ఏడు, ఫిబ్రవరి.
పొలాల రాతిగోడలు కూడా కనబడనంత మంచు.
తీగలు తెగాయి, దారి ఎటుపోయిందో దారికే తెలీదు.
పైకొండ ఇంట్లో పసివాడికి ఊపిరందడం లేదు.
ఉత్తరాల మధ్య మందుసీసా దోపుకుని
ఆమె పదకొండు మైళ్ళు నడిచింది.
తిరిగొచ్చాక రెండు కాలివేళ్ళు తీసేశారు.
ఇదీ సంగతి.
దీన్ని ఏమనాలి?

కమిటీ నలుగురు, కెటిల్ ఒకటి, బిస్కెట్లు మెత్తబడ్డాయి.
అచీవ్‌మెంట్, అంది బడిపంతులమ్మ మిస్ థ్వెయిట్.
"అది గోడకి తగిలించే సర్టిఫికెట్ మాట," అన్నాడు ఎడ్విన్.
"పైగా పదకొండు అక్షరాలు. మైలుకొకటి చొప్పున
చెక్కడానికి నా మణికట్టు ఒప్పుకోదు."

అకాంప్లిష్‌మెంట్, అన్నాడు చర్చి ఫాదరు.
పూర్వం పెద్దింటి ఆడపిల్లలకి పియానో వస్తే, అల్లిక వస్తే
ఆ మాట అనేవాళ్ళు.
హెస్టర్‌కి ఈల వెయ్యడం వచ్చు. అదీ శ్రుతి తప్పి.

ట్రయంఫ్?
ఎవరో ఓడితేనే ఆ మాటకి కడుపు నిండుతుంది.
మంచు ఓడిందెక్కడ? మర్నాడే మళ్ళీ కురిసింది.
ఆ పేరుతో మోటార్‌సైకిలుంది గానీ
తపాలాశాఖ ఆమెకి ఇచ్చింది సంచీ మాత్రమే.

ఎక్స్‌ప్లాయిట్ అన్నప్పుడు మాత్రం
ఎడ్విన్ కప్పు కింద పెట్టాడు.
"సీసపు గనిలో మా తాతని వాళ్ళు చేసిందీ ఆ మాటే."
ఇంకెవరూ దాని జోలికి పోలేదు.

తెలుగులో రాస్తున్న నాకూ దిక్కు తోచదు.
ఘనకార్యం అందామంటే
ఆ మాట ఎన్నడో వెటకారం పాలైంది.
పాలు పొంగబెట్టినవాణ్ణే కదా అడుగుతాం,
ఏం ఘనకార్యం వెలగబెడుతున్నావని!
నిర్వాకం సంగతి సరేసరి.
సాహసం అంటే కళ్ళు మూసుకుని దూకినట్టుంటుంది.
ఆమె దూకలేదు.
ఒక కాలు ఊడబెరికి ముందు పెట్టింది.
తర్వాత ఇంకోటి.

"ఏదో ఒకటి చెక్కవయ్యా," అన్నాడు కిట్ ఐవ్‌సన్.
ఆ పసివాడే. ఇప్పుడు నలభై ఏడేళ్ళు,
బూట్ల నిండా గొర్రెల దొడ్డి బురద.
"మా అమ్మ చెప్పేది. తలుపు తియ్యగానే
ముందు మందు ఇచ్చిందట.
ఆ తర్వాత దాణా కొట్టు బిల్లు.
సంతకం పెట్టేదాకా కదల్లేదట."
అందరూ నవ్వారు. అతను నవ్వుతూ
ఎందుకో ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

టపా కచేరీ రిజిస్టరు ఇంకా ఉంది.
ఆ రోజు తేదీకి ఎదురుగా, ఆమె చేతిరాతలోనే,
ఒక్క మాట: ఆలస్యం.

చివరికి ఫీట్ అనుకున్నారు.
నాలుగక్షరాలు. రాయికి సరిపోతుంది.
సర్కసు వాసన కొంచెం వస్తుంది, పర్లేదన్నారు,
గొడుగులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

దీపం దగ్గరికి లాక్కుని ఎడ్విన్ మొదలుపెట్టాడు.
ఎఫ్. నిలువు గీత, రెండు అడ్డ గీతలు.
ఇ. ధూళి ఊదాడు.
అప్పుడు ఆ మాట పైకి అన్నాడు, తనకి తనే,
చెవికి పాదాలని వినిపించింది.
మళ్ళీ అన్నాడు. మళ్ళీ పాదాలే.
నేను తెలుగులో రాస్తే ఆ రెండూ ఒకటే,
అతని రాయి మీద మాత్రం
ఒక్క అక్షరం తేడా.

రెండు వేళ్ళు తక్కువైన పాదాలు.

ఉలి మూడో అక్షరం దగ్గర ఆగింది.
బయట సన్నగా ఏదో పడుతోంది, వానో మంచో.
రేపు చూద్దాం అనుకున్నాడు,
రాయి మీద గోనెపట్టా కప్పి
దీపం తగ్గించాడు.